కణుపు దాటని ఉంగరం

ఇరవై ఆరేళ్ళుగా ఒకే కౌంటరు వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి వేళ్ళూ కొలిచిన మనిషి, కట్టుకున్న మొగుడి వేలి దగ్గరికి వచ్చేసరికి పప్పులో కాలేసింది. తప్పుగా కొలిచిందా అంటే, అసలు కొలవనేలేదు. కంటితో చూసి సైజు చెప్పేసింది. దాంతో ఒక ఉంగరం ఎవరికీ పనికిరాకుండా పోయింది. అది పనికిరాకుండా పోవడం వల్లే ఆయన ప్రాణం మీదికి ఏం వచ్చిపడిందో ఇంట్లోవాళ్ళకి తెలిసింది.

నగల షాపులో ఆవిడని అందరూ కొలతల అక్క అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా అక్కా అనే పిలుస్తాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తననే అని తట్టడానికి కాసేపు పడుతుంది. కింద అద్దాల షోరూము, పైన వర్క్‌షాపు, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకళ్ళు వెనక్కి తగ్గాల్సిన ఇరుకు మెట్లు. ఆ మెట్ల పక్కన కిటికీ దగ్గర ఆవిడ కుర్చీ, ఎదురుగా వచ్చినవాళ్ళకి రెండు స్టూళ్ళు. బల్ల మీద తాళాల గుత్తిలాగా ఒకే చువ్వకి గుచ్చిన స్టీలు రింగులు, ప్రతి రింగు మీదా ఒక అంకె. ఒకటొకటిగా వేలికి ఎక్కించి చూడటం, ఏది కణుపు దగ్గర కాస్త పట్టి ఆ తర్వాత హాయిగా దిగుతుందో ఆ అంకె చీటీ మీద రాయడం. పని చూస్తే ఇంతే. ఇందులో ఏముంది అని కొత్తగా చేరిన పిల్లలు అనుకుంటారు, రెండు ఉంగరాలు వెనక్కి వచ్చాక నోరు మూసుకుంటారు.

మామూలు ఉంగరం అయితే పెద్ద బాధ లేదు. బిగుతైతే వెనక వైపు కోసి చిన్న ముక్క కలిపి టంకం పెడతారు, వదులైతే ముక్క తీసేస్తారు. కానీ చుట్టూ రాళ్ళుండే ఉంగరం ఒకటుంది. దాన్ని కింద షోరూములో ఎటర్నిటీ రింగు అంటారు, పైన వర్క్‌షాపులో మాత్రం చుట్టుడు ఉంగరం అంటారు. రాయి పక్కన రాయి, దాని పక్కన రాయి, ఎక్కడా వేలు పెట్టేంత ఖాళీ బంగారం ఉండదు. కోద్దామంటే చోటేది? అందుకని దానికి మొదటి కొలతే ఆఖరి కొలత.

అది ఎక్కువగా పెళ్ళయి చాలా ఏళ్ళయినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తొడిగేది. మొదటి బిడ్డ పుట్టినప్పుడు కొందరు, పదేళ్ళకి కొందరు, పాతికేళ్ళకి ఎక్కువమంది. వచ్చినవాళ్ళకి కొలతల అక్క చెప్పే మాట ఒకటుంది: "దీనికి మొదలూ లేదు, చివరా లేదండి. మీ ఇద్దరి బంధం లాగే." చెప్పీ చెప్పీ ఆ మాట నోట్లో అరిగిపోయింది. ఒకసారి ఒక పెద్దావిడ భర్త వైపు చూసి, "మొదలూ చివరా లేనిది ఈయన నస ఒక్కటే అనుకున్నా, ఇదొకటి కూడానా?" అంది. ఆయన కొలతకి చెయ్యి చాపాడు. ఆ రోజంతా షాపులో అదే నవ్వు.

పైన రాళ్ళు పొదిగే పెద్దాయనని ఆవిడ బాబాయ్ అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, ఆవిడ చేరిన రోజు నుంచీ ఆయన ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. ఆయనకి ఈ మొదలూ చివరా గొడవ గిట్టదు. "మొదలు లేదంటావేంటమ్మాయ్? మొదటి రాయి ఎక్కడ పెట్టానో నాకు తెలీదా? ఆఖరి రాయి దగ్గర నా ప్రాణం తోడేస్తుంది తెలుసా, గోరంత చోటు తక్కువైనా మొత్తం విప్పాల్సిందే" అంటాడు. "మీకు తెలిస్తే మీలో ఉంచుకోండి బాబాయ్, నా బేరం చెడగొట్టకండి" అంటుంది ఆవిడ.

ఇంత చిక్కు ఉన్న ఉంగరం కాబట్టి కొలతల అక్క దానికో పద్ధతి పెట్టుకుంది. మూడుసార్లు కొలవాలి. వచ్చిన వెంటనే ఒకసారి, మంచినీళ్ళిచ్చి అరగంట కూర్చోబెట్టి ఒకసారి, ఇంకో రోజు సాయంత్రం పిలిచి ఒకసారి. వేలు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఎండకి ఉబ్బుతుంది, చలికి తగ్గుతుంది. మూడోసారి రాని వాళ్ళ చీటీ పైకి పంపేది కాదు. "అక్కా, వాళ్ళు రేపు ఊరెళ్తున్నారు" అని మేనేజరు బతిమాలినా, "వెళ్ళి రానీ, వేలు ఇక్కడ వదిలి వెళ్ళరుగా" అనేది. ఆవిడ కొలిచిన చుట్టుడు ఉంగరం ఒక్కటీ వెనక్కి రాలేదు. దాంతో కాస్త గర్వం కూడా వచ్చింది, లేదని ఎందుకు చెప్పాలి. బస్సులో పక్కన ఎవరో కడ్డీ పట్టుకుని నిలబడితే చాలు, ఆ వేలి అంకె మనసులో పడిపోయేది. దిగేలోపు బస్సులో సగంమందివి తెలిసిపోయేవి.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొడుగ్గా, నెమ్మదిగా, మాట పొదుపుగా ఉంటాడు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు పైకీ కిందికీ తిరిగే ఆ చీకటి గొట్టంలోకి దిగి, గ్రీజు పూసుకుని పైకి వస్తాడు. పెళ్ళయి పాతికేళ్ళు నిండబోతున్నాయి. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చుట్టుడు ఉంగరాలు కొలిచి పంపిన ఆవిడ వేలికి మాత్రం అది లేదు. ఈ ఏడు మార్చుకుందాం అని ఆయనే అన్నాడు. అన్నది ఒక్కసారే, కానీ ఆయన ఒక్కసారి అన్నాడంటే ఆర్నెల్లు ఆలోచించి అన్నట్టు.

ఒకళ్ళ ఉంగరం ఇంకొకళ్ళు చెప్పకుండా చేయించాలని ఒప్పందం. ఆయన నేరుగా బాబాయ్ దగ్గరికి పోయి ఆవిడ సైజు అడిగి చేయించాడు, బాబాయ్ కడుపులో మాట పెట్టుకుని ఏమీ ఎరగనట్టు నెల్లాళ్ళు తిరిగాడు. ఆవిడకి ఆయన వేలు కొలవాలంటే గుత్తి ఇంటికి తీసుకుపోవాలి, ఆయనకి తెలిసిపోతుంది. అయినా కొలవడం దేనికి, రోజూ చూసే వేలేగా. పెళ్ళినాటికి పంతొమ్మిది, ఇప్పుడు ఒళ్ళు కాస్త వచ్చింది కాబట్టి ఇరవై. చీటీ మీద ఇరవై అని రాసి పైకి పంపేసింది. వేరే ఎవరిదైనా ఆ చీటీ అయితే తనే చింపి పారేసేది.

పెళ్ళిరోజు పొద్దున భోజనాల బల్ల దగ్గర కూతురు ఫోను పట్టుకుని ఫొటోలకి సిద్ధమైంది. కాలేజీలో రెండో ఏడు చదువుతోంది, ఇంట్లో అందరి మీదా అధికారం దానిదే. ఆయన ఉంగరం తీసి ఆవిడ వేలికి తొడిగాడు. వెన్నలా దిగింది. తర్వాత ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని తొడిగింది. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది.

"తోయమ్మా" అంది కూతురు.

తోసింది. ఆగింది. సబ్బు రాసింది. కణుపు చర్మం మడత పడి ఎర్రబడింది కానీ ఉంగరం కదల్లేదు.

"పర్లేదులే, చిటికెన వేలికి పెట్టు" అన్నాడాయన నవ్వుతూ.

"నోరు మూసుకోండి" అంది ఆవిడ. సిగ్గుతో ముఖం కందిపోయింది. ఉంగరం డబ్బాలో పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా షాపుకి పోయి ఇరుకు మెట్లెక్కింది.

"ఏం బాబాయ్, నామీదేనా మీ పనితనం? ఇరవై అని రాస్తే ఏం చేశారిది?"

బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టి, ఉంగరం తీసుకుని కొలత కడ్డీకి ఎక్కించాడు. అది జారి వచ్చి సరిగ్గా ఇరవై గీత మీద కూర్చుంది. ఒక వెంట్రుక అటూ లేదు, ఇటూ లేదు. ఆయన కడ్డీని ఆవిడ ముఖం ముందు పెట్టి, "చూడు. కళ్ళు బాగా పెట్టి చూడు. నలభై ఏళ్ళ నా చేతిని అనేముందు నీ చీటీ సంగతి చూసుకో తల్లీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మూడుసార్లు కొలిచావా?" అని అడిగాడు. ఆవిడ తల దించుకుని మెట్లు దిగింది. స్టీలు రింగుల గుత్తి సంచీలో వేసుకుని సాయంత్రం ఇంటికి తెచ్చింది.

ఇరవై పట్టలేదు. ఇరవై ఒకటీ, ఇరవై రెండూ పట్టలేదు. ఇరవై మూడు కాస్త పట్టి దిగింది. గుత్తి మీద అంకె తప్పు కొట్టారేమో అని తన వేలికి తను వేసుకుని చూసుకుంది, తప్పేమీ లేదు. సరే, ఎండకి ఉబ్బి ఉంటుంది అనుకుంది. పొద్దున నిద్రలేవగానే కొలిచింది. ఇరవై మూడు. పని నుంచి రాగానే కొలిచింది. ఇరవై మూడు. వారం రోజులు అలాగే పట్టుకుంది. ఆయన విసుక్కుని, "వేలు కోసిచ్చేస్తాను, షాపులో పెట్టుకుని కొలుచుకో" అన్నాడు.

అప్పుడు భయం పట్టుకుంది ఆవిడకి. నీరు చేరి ఉబ్బితే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉండాలి. ఒళ్ళు వచ్చి లావెక్కితే వేలి మొదట్లో మెత్తగా పెరగాలి, కణుపు పెరగదు. ఆయనకి కణుపే పెరిగింది. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వేల వేళ్ళు చూసిందో, యాభై దాటాక కీళ్ళనొప్పి ఏదీ లేకుండా ఎముకతో సహా పెరిగిన వేలు మాత్రం చూడలేదు.

"మీ గ్లౌజులు ఏ సైజు?" అని అడిగింది.

"మా కంపెనీవాళ్ళు రకం మార్చారు. ఈ మధ్య అన్నీ ఇరుగ్గా వస్తున్నాయని పెద్దవి తీసుకుంటున్నా."

"బూట్లు?"

"బూట్లు కూడా అంతే, ఇప్పటివాళ్ళు నంబర్లు సరిగ్గా వెయ్యడం లేదు. రెండుసార్లు మార్చా."

కూతురు లోపలికి పోయి పెళ్ళి ఆల్బమ్ పట్టుకొచ్చింది. తండ్రి పక్కన పెట్టి చూసింది. నవ్వుదామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. "అమ్మా, నాన్న ముక్కు చూడు. గడ్డం చూడు. ఇది... ఇది వయసు కాదమ్మా."

రోజూ చూసే ముఖం. రోజుకి ఇసుక రేణువంత మారితే పక్కన ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలియదు. కానీ ఆ మాట ఆవిడ తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఊరుకోలేదు.

ఆయన డాక్టరు దగ్గరికి రానన్నాడు. "ఉంగరం పట్టలేదని ఆస్పత్రికి వెళ్తారా ఎవరైనా? నవ్విపోతారు."

"నవ్వనీయండి. నా ఉంగరం ఎందుకు పట్టలేదో నాకు తెలియాలి."

వీధి చివరి డాక్టరు నిజంగానే నవ్వాడు. వయసన్నాడు, బరువన్నాడు, నడవమన్నాడు. "కణుపు పెరిగిందండీ" అని ఆవిడ అంటే, "అమ్మా, డాక్టరు నేనా, మీరా?" అన్నాడు. మీరేనండీ కానీ వేళ్ళు నేను చూసినన్ని మీరు చూడలేదు అని నోటిదాకా వచ్చింది. మింగేసి, మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. ఆయన గెలిచినట్టు ముఖం పెట్టాడు. అదే రోజు ఒక పెద్ద ఆస్పత్రిలో చీటీ రాయించింది. అక్కడ లోపలికి వెళ్తుంటే ఆయన భుజం తలుపు చెక్కకి కొట్టుకుంది. అది కొత్త కాదు, ఈ ఏడాదిలో తలుపులన్నిటికీ కొట్టుకుంటూనే ఉన్నాడు. చూసుకోకుండా నడుస్తారేంటి అని ఆవిడ తిడుతూనే ఉంది.

పెద్ద ఆస్పత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే కానీ తొందర లేని మనిషి. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. గురక పెరిగిందా, చెమట ఎక్కువ పడుతుందా, తలనొప్పి వస్తుందా అని అడిగింది. అన్నిటికీ అవుననే జవాబు, అయితే ఆ జవాబులన్నీ చెప్పింది భార్య. చివరికి ఆయన్ని ఎదురుగా చూడమని, పక్క నుంచి తన వేలు లోపలికి తెస్తూ, కనిపించగానే చెప్పమంది. వేలు దాదాపు ముక్కు ముందుకి వచ్చేదాకా ఆయన చెప్పలేదు.

లిఫ్టు గొట్టంలో కాలు పెట్టే మనిషికి పక్కనుంచి వచ్చేది కనిపించడం లేదని, ఎన్నాళ్ళుగానో కనిపించడం లేదని అప్పుడు తెలిసింది ఆవిడకి.

"తల లోపల, ముక్కు వెనకాల చిన్న గ్రంథి ఒకటుంటుంది. దాని మీద గడ్డ పెరిగినట్టుంది. దానివల్లే ఒళ్ళు పెరుగుతోంది. అది కంటి నరాన్ని నొక్కుతోంది" అంది డాక్టరమ్మ. "పరీక్షలు చేసి ఖాయం చేద్దాం. తీసెయ్యొచ్చు, ముక్కులోంచే తీస్తారు. ఇంకా ఆలస్యమైతే చూపు పోయేది, గుండె కూడా దెబ్బతినేది. మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారు?"

"మా ఆవిడే. ఉంగరం పట్టలేదని" అన్నాడాయన, తప్పు చేసినట్టు.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి, ఏం పని చేస్తారని అడిగి తెలుసుకుంది. కాగితం మీద ఏదో రాసుకుంటూ మామూలుగానే అడిగింది: "అయితే మీకు బాగా తెలుస్తుంది. ఈయన వేళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి? ఇంతకుముందు చెయ్యి పట్టుకున్నప్పుడు ఎప్పుడు మామూలుగా ఉన్నట్టు గుర్తు?"

అడిగినదాంట్లో ఏమీ లేదు. నెల చెప్పాలి, లేకపోతే ఏడాది చెప్పాలి. కొలతల అక్క ఆయన చేతుల వైపు చూసింది. రోజుకి ఇరవైమందివి, ముప్ఫైమందివి చేతులు పట్టుకుంటుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిప్పి, నిమిరి, మంచినీళ్ళిచ్చి మూడుసార్లు పట్టుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి టీ గ్లాసు ఈయన ముందు బల్ల మీద పెడుతుంది, చేతికి కూడా ఇవ్వదు. ఊరికే, ఏ పనీ లేకుండా, ఈ చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయింది? గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"తెలీదండీ" అని ఏడ్చేసింది. కూతురు పెళ్ళికి కూడా ఏడవను అని పందెం కట్టిన మనిషి, అక్కడ స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ జబ్బు గురించి ఏడుస్తుందనుకుని ధైర్యం చెప్పింది. ఎందుకు ఏడుస్తుందో ఆయనకి అర్థమైంది. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మూడు వారాల తర్వాత ఆపరేషన్ జరిగింది. నాలుగున్నర గంటలు పట్టింది. బయట బెంచీ మీద ఆవిడా, కూతురూ, షాపు మానేసి వచ్చిన బాబాయీ కూర్చున్నారు. ఉంగరం విప్పి రాళ్ళు తీసి ఇరవై మూడుకి కొత్తది పొదుగుతాను, ఏమీ నష్టం లేదు అని బాబాయ్ పదేపదే చెప్పాడు. "ఇప్పుడు ఉంగరం గోల ఎవడిక్కావాలి బాబాయ్" అని విసుక్కుంది, వెంటనే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి క్షమించమంది. గడ్డ తీసేశారు. నెల తిరిగేసరికి పక్క చూపు చాలావరకు వెనక్కి వచ్చింది. గొట్టంలోకి దిగే పని మాన్పించి, కంపెనీ ఆయన్ని ఆఫీసులో కుర్రాళ్ళకి నేర్పే పనిలో పెట్టింది. కూర్చుని జీతం తీసుకోవడం నామోషీ అని ఆయన కొన్నాళ్ళు గొణిగాడు.

"వేళ్ళు కొంచెం తగ్గుతాయి, ఎముక పెరిగింది మాత్రం తగ్గదు. పాత సైజుకి రావు" అంది డాక్టరమ్మ. "నెలకోసారి కొలిచి రాసి తీసుకురండి. గడ్డ మళ్ళీ వస్తే రక్తపరీక్షలో తెలుస్తుందనుకోండి, కానీ మీ అంకెలు కూడా నాకు కావాలి." ఆ మాటతో ఆవిడ మళ్ళీ కొలతల అక్క అయింది. ఆ తర్వాత ఏడాదంతా, ప్రతి నెలా ఒకటో తారీకు సాయంత్రం, ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పది వేళ్ళూ కొలిచింది. షాపులో పద్ధతే, తొందర లేదు. మంచినీళ్ళు, అరగంట, మళ్ళీ కొలత. ఆ అరగంటలో ఏం చేయాలో మొదటి నెల ఇద్దరికీ తెలియలేదు, చెయ్యి వదిలెయ్యాలా పట్టుకోవాలా అని ఆవిడా, తీసుకోవాలా ఉంచాలా అని ఆయనా. మూడో నెలకి మాటలు వచ్చాయి. ఐదో నెలలో ఆయన, ఆరేళ్ళ క్రితం లిఫ్టులో ఇరుక్కున్న ఒక పెళ్ళి బృందం కథ చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత పొడుగు కథ చెప్పడం అదే మొదలు.

ఇరవై మూడు ఇరవై రెండయింది. ఇరవై రెండు, ఇరవై ఒకటిన్నర అయింది. అక్కడ ఆగింది. నాలుగు నెలలు వరసగా అదే అంకె. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం, ఆవిడ అంకెల కాగితం పక్కపక్కన పెట్టుకుని చూసి, "బాగుంది. ఇక నెలనెలా కొలవక్కర్లేదమ్మా, ఏడాదికోసారి రండి చాలు. ఉంగరం చేయించుకోండి" అని నవ్వింది. బాబాయ్‌కి కబురు వెళ్ళింది. ఆయన పాత ఉంగరం విప్పి, రాళ్ళు పొట్లం కట్టి, చీటీ ఎప్పుడు పంపుతావని కింద కౌంటరు దగ్గరికే వచ్చి అడిగాడు. పంపుతా బాబాయ్, ఇంకోసారి చూసి పంపుతా అంది.

ఆ తర్వాత ఒకటో తారీకు వచ్చింది. ఆవిడ పని నుంచి వచ్చి, సంచీ కొక్కేనికి తగిలించి, టీ పెట్టింది. గుత్తి షాపులోనే వదిలేసి వచ్చింది, ఇంక అవసరం లేదుగా. గ్లాసులతో ముందు గదిలోకి వచ్చేసరికి, ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీ లాగి పెట్టి ఉంది. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, చెయ్యి చాపి ఉంచాడు.

"ఇంకెందుకండీ? డాక్టరు గారు అక్కర్లేదన్నారుగా."

"విన్నాను" అన్నాడాయన. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ టీ గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని, ఆ చెయ్యి తీసుకుంది.